నావయా? ధూమశకటమా?



మన ఆలయంలో దర్శనం ముగించుకొని, తీర్థప్రసాదాలు స్వీకరించి, మండపంలో కొంతసేపు విశ్రమించే యాత్రికులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. పాలమూరు నుండో నల్లగొండ నుండో ఉదయాన్నే బయలుదేరి శాలిబండకు వచ్చి ఉంటారు. మధ్యాహ్నానికి మ్రొక్కు తీరుతుంది. తిరుగు ప్రయాణం రాత్రికి గాని ఉండదు. మధ్యలో నాలుగైదు గంటల వ్యవధి. "పంతులుగారూ, పిల్లలు మెట్రో రైలెక్కి నగరం చూద్దామంటున్నారు. పెద్దవాళ్లు హుస్సేన్ సాగరంలో పడవెక్కుదామంటున్నారు. రెండింటికీ పొద్దు చాలదు. ఏది మంచిది?" అని అడుగుతారు. ఇంకొందరు మరొక అడుగు ముందుకు వేసి, "దేనిలో వెళ్తే యాత్రాఫలం చెడకుండా ఉంటుంది?" అని కూడా అడుగుతారు.

ఇది చిన్న ప్రశ్న అని చాలాకాలం అనుకున్నాను. చిన్నది కాదని నాకు మా అక్కయ్యగారి వల్ల తెలిసింది. ఆ సంగతి చివర మనవి చేస్తాను. ముందుగా శాస్త్రం, ఆ తరువాత మార్గం.

శాస్త్రం ఏమంటున్నది

మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యంలో వాహన ప్రస్తావన ఉంది. ఐశ్వర్యగర్వం చేత గాని, లోభమోహాల చేత గాని వాహనమెక్కి తీర్థానికి వెళ్లినవాని యాత్ర నిష్ఫలమని అక్కడ చెప్పబడింది. దీనిని పైపైన చదివినవారు వాహనమే దోషమని భ్రమపడతారు. వాక్యాన్ని జాగ్రత్తగా పరిశీలిస్తే, నిషేధం వాహనానికి కాదు, గర్వానికి. నేను చదువుకొన్న ధర్మపురి పాఠశాలలో మా గురువుగారు ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా ఒక మాట చెప్పేవారు. కాళ్లున్నవాడు కాళ్లు లేనివాని ఎదుట పల్లకీ ఎక్కితే దోషం, కాళ్లు లేనివానిని పల్లకీ ఎక్కించి తాను నడిస్తే పుణ్యం అని. వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు, పసివారికి వాహనం అనుజ్ఞాతమే. నావ విషయంలో ఆయన ఇంకొక విశేషం చెప్పేవారు. నది దాటడానికి వేరొక మార్గం లేదు గనుక పెద్దలు నావను యానదోషంలో లెక్కించలేదని.

శ్రీమద్రామాయణం అయోధ్యాకాండలో గంగను దాటే ఘట్టం మనందరికీ తెలిసినదే. గుహుడు నావను సిద్ధం చేయించాడు. అప్పుడు శ్రీరాముడు లక్ష్మణునితో, సీతను చేయి పట్టుకొని మెల్లగా నావ ఎక్కించమన్నాడు. ముందు సీతమ్మ ఎక్కింది, తరువాత లక్ష్మణుడు, అందరికంటె చివర రాముడు. నడిమి గంగలో సీతమ్మ చేతులు జోడించి, క్షేమంగా తిరిగి వస్తే నిన్ను అర్చిస్తానని గంగమ్మకు మ్రొక్కుకొన్నది. ప్రయాణ ధర్మమంతా ఈ నాలుగు వాక్యాలలోనే ఉన్నదని నాకు తోస్తుంది. ఎక్కే వరుసలో అందరికంటె ఆసరా అవసరమైనవారు ముందు. యజమాని చివర. తొందర కూడదు.

కనుక నావకు ఎక్కువ పుణ్యమనీ, రైలుకు తక్కువ పుణ్యమనీ ఏమీ లేదు. ఇక మార్గం చూద్దాం.

రైలు మార్గం

మా చిన్ననాడు రైలును ధూమశకటమని వ్రాసేవారం. ఇప్పుడు ధూమమూ లేదు, శకటపు కుదుపూ లేదు. శాలిబండ వారికి రెండు రకాల రైళ్లు అందుబాటులో ఉన్నాయి.

మొదటిది ఎం.ఎం.టి.ఎస్. రైలు. 2003 ఆగస్టులో ఈ సేవ మొదలైంది. మనకు దక్షిణాన ఉన్న ఫలక్‌నుమా స్టేషనులో ఎక్కితే ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడల మీదుగా సికింద్రాబాదు చేరవచ్చు. అక్కడి నుండి లింగంపల్లి వైపు సాగే రైళ్లు హుస్సేన్ సాగరానికి ఉత్తరాన ఉన్న సంజీవయ్య పార్కు స్టేషను మీదుగా బేగంపేటకు వెళ్తాయి. వెల స్వల్పం. అయితే బండికీ బండికీ మధ్య వ్యవధి ఎక్కువ. బండి స్టేషనులో ఆగే సమయం తక్కువ. ఒక ప్లాట్‌ఫారం నుండి మరొకదానికి మెట్లవంతెన ఎక్కి దిగవలసి రావచ్చు. వేళలు ముందుగా విచారించుకొని వెళ్లడం మంచిది.

రెండవది మెట్రో. 2017 నవంబరు 28న నాగోలు, మియాపూర్‌ల మధ్య మొదటి మెట్రో ప్రారంభమైంది. అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు ఉన్న భాగం 2018 సెప్టెంబరు 24న తెరిచారు. మనకు దగ్గరైన మెట్రో స్టేషను మూసీ ఒడ్డున ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్దది. శాలిబండ నుండి చార్మినారు మీదుగా మూడు నాలుగు కిలోమీటర్లు, ఆటోలో వెళ్లాలి. అక్కడ ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజి, గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ, లకడీకాపూల్, ఖైరతాబాద్ వరుసగా వస్తాయి. 2020 ఫిబ్రవరి 7 నుండి ఇదే స్టేషను నుండి జూబ్లీ బస్ స్టేషనుకు మరొక మార్గం కూడా నడుస్తున్నది. రైలు కొద్ది నిమిషాలకొకటి వస్తుంది. లోపల చల్లదనం. స్త్రీలకు, వృద్ధులకు ప్రత్యేకించిన ఆసనాలు ఉంటాయి. పై నుండి నగరం కనిపిస్తుంది. పిల్లలకు ఇంతకంటె వేడుక లేదు.

మన వీధికే మెట్రో తెచ్చే ప్రయత్నం కూడా సాగుతున్నది. మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి పాతబస్తీ లోపలికి, మన హరిబౌలి, శాలిబండల మీదుగా సాగే మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయిన నాడు ఆటో ప్రస్తావన అవసరం ఉండదు. అంతవరకు బోనాల ఊరేగింపుల రోజులలోను, పండుగల సాయంత్రాలలోను చార్మినారు త్రోవ ఎంత కిక్కిరిసి ఉంటుందో లెక్కలో వేసుకొని బయలుదేరాలి.

నావా మార్గం

హుస్సేన్ సాగరం మన నగరం కంటె వయసులో పెద్దది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో దీనిని త్రవ్వించారు. చార్మినారుతో నగరం వెలసినది 1591లో. అంటే ఊరు పుట్టకముందే చెరువు ఉంది. పాతబస్తీ వారికి నీరు అనగానే మూసీయే స్ఫురిస్తుంది. మూసీ అనగానే 1908 సెప్టెంబరు 28 నాటి వరద స్ఫురిస్తుంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకొన్న కథ మా ఇరుగుపొరుగు ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకొంటారు. మూసీలో విహారనౌకలు లేవు. నగరంలో పడవ ఎక్కాలంటే హుస్సేన్ సాగరానికే పోవాలి.

శాలిబండ నుండి అఫ్జల్‌గంజ్, ఆబిడ్స్ మీదుగా తిన్నగా ఆటోలో లుంబినీ పార్కుకు వెళ్లవచ్చు. లేదా మెట్రోలో అసెంబ్లీ వద్దనో లకడీకాపూల్ వద్దనో దిగి, అక్కడి నుండి ఆటోలో వెళ్లవచ్చు. సచివాలయానికి ఎదురుగా ఉన్న ఆ పార్కు రేవు నుండి సాగరమధ్యంలోని బుద్ధవిగ్రహం వరకు పడవలు నడుస్తాయి. విగ్రహం వద్ద దిగి, ప్రదక్షిణగా తిరిగి, మళ్లీ పడవలో వెనక్కు రావచ్చు. దగ్గరలోనే నౌబత్ పహాడ్ మీద 1976లో ప్రతిష్ఠితమైన బిర్లా మందిరంలో శ్రీ వేంకటేశ్వరుని దర్శనం కూడా చేసుకోవచ్చు. పాలరాతి ఆలయం, కొండమీది నుండి సాగరమంతా కనిపిస్తుంది. అయితే మెట్లు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు కొండను, పడవను ఒకే పూట పెట్టుకోరాదని నా సలహా.

ఆ బుద్ధవిగ్రహం వెనుక ఒక దుఃఖగాథ ఉంది. యాదగిరిగుట్టకు సమీపాన ఉన్న రాయగిరి తెల్లరాతిలో ఏకశిలగా గణపతి స్థపతి ఆధ్వర్యంలో దానిని మలిచారు. 1990 మార్చి 10న విగ్రహాన్ని సాగరం మధ్యకు చేర్చే ప్రయత్నంలో తెప్ప ఒరిగి, విగ్రహం నీటిలో మునిగిపోయింది. ఆ పనిలో ఉన్నవారు కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా విగ్రహం నీటి అడుగున ఉన్నది. దానిని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. ఇప్పుడు మనం పడవ దిగి చూసే ప్రశాంతమూర్తి అదే. అక్కడికి వెళ్లినవారు ఆ శ్రామికులను కూడా ఒక్క క్షణం తలచుకొనడం మంచిది.

నీటి ప్రయాణానికి కొన్ని నియమాలు తప్పవు. ప్రాణరక్షక కవచం, అదే లైఫ్ జాకెట్, తొడుక్కొని ముడి బిగించుకోవాలి. చీర మీదికి బాగుండదనీ, ఉక్కపోస్తున్నదనీ విప్పి ఒడిలో పెట్టుకోరాదు. గాలివాన సూచనలుంటే ఆ పూట మానుకోవాలి. నిండిన పడవలో ఇంకొకరికి చోటు అడగరాదు. ఫోటో కొరకు అందరూ ఒకే వైపుకు లేచి నిలబడరాదు. రేవు నుండి పడవలోకి అడుగు వేసేటప్పుడు పడవ కదులుతుంది. వృద్ధులు సిబ్బంది చేయి పట్టుకొనే దిగాలి. ఇంకొక మాట, సాగరంలో పూలు, పసుపుకుంకుమ పొట్లాలు, నాణేలు వేయరాదు. ఆ నీరు ఇప్పటికే ఎంతో మలినాన్ని మోస్తున్నది. గంగమ్మకు చేతులు జోడించడమే పూజ.

మా అక్కయ్యగారి సంగతి

మాది ధర్మపురి. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం. మా అక్కయ్యగారు నాకంటె తొమ్మిదేళ్లు పెద్ద. మా బాల్యంలో ఆవలి ఒడ్డుకు పోవాలంటే నాటుపడవో పుట్టియో ఎక్కవలసిందే. నన్ను చంకన పెట్టుకొని ఆమె ఎన్నిసార్లు గోదావరి దాటిందో లెక్క లేదు. భర్త గతించిన తరువాత ఆమె కుమారుని వద్ద నగరంలో ఉండేవారు.

2019 కార్తికంలో ఆమె మా ఇంట నాలుగు రోజులు ఉన్నారు. అప్పటికి ఎనభై ఏళ్లు. ఒక ఉదయం, "తమ్ముడా, ఒక్కసారి పడవ ఎక్కాలని ఉన్నది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరు 15న, గోదావరి వరదలో కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి ఎందరో యాత్రికులు మృతిచెందారు. ఆ వార్త నా మనస్సులో పచ్చిగా ఉంది. "ఈ వయసులో నీటి మీదికి ఎందుకు అక్కయ్యా? మెట్రోలో పోదాం, భయం లేదు" అన్నాను. మనుమడు చప్పట్లు కొట్టాడు. ఆమె మరి మాట్లాడలేదు.

స్టేషనులో నేనూ మనుమడూ ముందు నడిచాం. కదిలే మెట్లు వచ్చాయి. మేము ఎక్కి పైకి చేరి వెనుదిరిగి చూస్తే, ఆమె క్రిందనే నిలబడి ఉన్నారు. కదిలే మెట్టు మీద అడుగు పెట్టలేక, వెనుక వస్తున్నవారికి త్రోవ ఇవ్వలేక, చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకొని గోడకు ఆనుకొని ఉన్నారు. నేను మళ్లీ క్రిందికి దిగి చేరేసరికి ఆమె చేతులు వణుకుతున్నాయి. అక్కడే లిఫ్టు ఉంది. దానిని గూర్చి విచారించాలన్న ఆలోచన నాకు రాలేదు. లోపం స్టేషనుది కాదు, నాది. సీతమ్మను ముందు ఎక్కించిన ఘట్టాన్ని యాభై ఏళ్లు ప్రవచనాలలో చెప్పినవాడిని, ఎనభై ఏళ్ల అక్కను వెనుక వదలి ముందు నడిచాను.

ఆ రోజు ప్రయాణం సుఖంగానే సాగింది. ఆమెకు ఆసనం దొరికింది, ఖైరతాబాదు వరకు వెళ్లి తిరిగి వచ్చాం. త్రోవలో ఒక్కసారి మాత్రం, "నీళ్లు ఎక్కడా కనపడవా?" అని అడిగారు. ఆ మార్గంలో కనపడవని చెప్పాను. రాత్రి మా కోడలు నాతో మెల్లగా అన్నది: "మామయ్యా, అత్తయ్యగారు పొద్దుననే కొంగున రూపాయి నాణెం ముడి వేసుకొన్నారు. పడవ మీద గంగమ్మకు మ్రొక్కుకోవాలని." ఆ ముడి రాత్రి వరకు అలాగే ఉన్నది.

నేను భయాన్ని వివేకమనుకొన్నాను. వరదలో పరుగెత్తే గోదావరికీ, గాలి లేని సాయంకాలం సాగరంలో కొద్ది నిమిషాల ప్రయాణానికీ భేదం చూడలేదు. రైలు ఆమెకు క్షేమమని నిశ్చయించినది ఆమెను అడిగి కాదు. ఆమెకు నీటి భయం లేదు, కదిలే మెట్ల భయం ఉంది. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే రెండూ తెలిసేవి.

2020 మాఘమాసంలో ఆమెను తీసుకొని మళ్లీ బయలుదేరాం. ఈసారి ఇంటి నుండి తిన్నగా ఆటో. ఆమె ముందు, నేను వెనుక. లుంబినీ పార్కులో రద్దీ లేని వేళ చూసుకొని, రెండు పడవలు వెళ్లనిచ్చి, మూడవదానిలో ఎక్కాం. రేవు వద్ద ఒక యువకుడు ఆమె రెండు చేతులూ పట్టుకొని దింపాడు. లైఫ్ జాకెట్ తొడిగించుకొని, అంచున కూర్చొని, విగ్రహం చేరేవరకు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కొంగుముడి విప్పబోతుంటే, నీటిలో ఏమీ వేయరాదని చెప్పాను. "అయితే ఎక్కడ వేయాలె?" అన్నారు. మన స్వామి హుండీలో వేద్దామన్నాను. ఆమె నాణేన్ని కళ్లకద్దుకొని, నీటికి చూపించి, మళ్లీ ముడి వేసుకొన్నారు. సాయంత్రం ఆలయానికి వచ్చి దానిని హుండీలో సమర్పించారు.

ఆ తరువాత నెల దాటిందో లేదో, లాక్‌డౌన్ వచ్చింది. పడవలు ఆగాయి, రైళ్లు ఆగాయి, ఆలయ ద్వారాలు మూసుకొన్నాయి. మరుసటి సంవత్సరం ఆమె పరమపదించారు. మాఘంలో కాదు, వేసవి సెలవులలో చూద్దామని ఉంటే, ఆ ముడి అలాగే ఉండిపోయేది.

నిర్ణయం

కనుక భక్తులారా, నావయా రైలా అని నన్ను అడిగేముందు, మీ బృందంలో అందరికంటె అశక్తులెవరో చూసుకొని వారిని అడగండి. ఆ జవాబే మీ నిర్ణయం. పసిపిల్లలు ఎక్కువగా ఉండి, ఎండ తీవ్రంగా ఉండి, తిరుగు బండికి వ్యవధి తక్కువైతే మెట్రో ఉత్తమం. స్టేషనులో అడుగు పెట్టగానే లిఫ్టు ఎక్కడని అడగండి, కదిలే మెట్లను యువకులకు వదలండి. వృద్ధులకు నీటి మీద ప్రీతి ఉండి, నిలబడి అడుగు వేసే శక్తి ఉండి, వాతావరణం ప్రశాంతంగా ఉంటే నావ ఉత్తమం. అప్పుడు రేవు వరకు ఆటోలో వెళ్లి, వారి శక్తిని పడవ కొరకు దాచి ఉంచండి. రెండూ ఒకే పూట ముగించాలన్న పంతం వద్దు. ఒకదానిని నిదానంగా చేసినవారు ఆనందంతో తిరిగి వస్తారు. రెండింటి వెంట పరుగెత్తినవారు అలసటతో తిరిగి వస్తారు.

మీరు ఏ వాహనం ఎక్కినా, ఎక్కే వరుస మాత్రం గంగాతీరంలో శ్రీరామచంద్రుడు చూపిన వరుసే కావాలి. ఆసరా కావలసినవారు ముందు, మనం వెనుక. వృద్ధులు ఏదైనా ఒక చిన్న కోరిక చెబితే, దానిని వచ్చే సంవత్సరానికి వాయిదా వేయకండి.

స్వస్తి.